మా అరుగు మీది రేడియో కేంద్రం

(కనిగిరిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మన ఊరు - ఆటలు" అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఆటలు ఆడినవాణ్ణి కాను, విన్నవాణ్ణి. అందుకని మన ఊళ్ళో ఒకప్పుడు నడిచిన క్రీడా రేడియో కేంద్రం గురించి చెబుతాను. అలాంటిదెప్పుడుందని మీరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. దానికి స్తంభం లేదు, స్టూడియో లేదు. ఒక అరుగు, ఒక మనిషి, అంతే.

మద్రాసులో రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. పాటలు, నాటకాలు, రైతుల కార్యక్రమాలు తెలుగులో వినేవాళ్ళం. మేము వినే క్రికెట్ మాత్రం ఇంగ్లీషులోనో, హిందీలోనో వచ్చేది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ'. తర్వాత రేడియో వ్యాఖ్యాత అయ్యారు. ఆయన చెప్పిందీ ఇంగ్లీషులోనే. మరి మా వీధివాళ్ళకు అర్థమయ్యేదెలా?

మా వీధిలో నా ఈడువాడే ఒక మిత్రుడుండేవాడు. మన నీళ్ళలోని ఫ్లోరైడు సంగతి మీకు నేను చెప్పాలా? వాడి మోకాళ్ళు చిన్నతనంలోనే వంకర తిరిగాయి. మేము గోలీలాడుతుంటే వాడు అరుగు మీద కూర్చుని లెక్క చెప్పేవాడు. వాళ్ళ మేనమామ ఇంట్లో వాల్వుల రేడియో ఉండేది. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి. మీట తిప్పాక అది వేడెక్కి నోరు తెరవడానికి అర నిమిషం పట్టేది. వాడు దానికి చెవి ఆనించి ఇంగ్లీషు విని, అరుగు చుట్టూ చేరిన మాకు తెలుగులో చెప్పేవాడు. పత్తి బోరాలు మోసేవాళ్ళు, బడిపిల్లలు, టీకొట్టువాడు అందరూ శ్రోతలే.

1971 ఆగస్టు. నాడు మనమున్న జిల్లా ఏర్పడి ఏడాదిన్నర, ఇంకా ఒంగోలు జిల్లా అనే పేరే. లండనులో ఓవల్ మైదానంలో టెస్టు. నాలుగో రోజు చంద్రశేఖర్ 38 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. ఇంగ్లండు 101కే కూలింది. అప్పుడు మా వాడు మాకేసి తిరిగి అన్నమాట నాకిప్పటికీ గుర్తు:

"ఒరే, ఆయన చెయ్యి చిన్నప్పుడే పోలియోతో సన్నబడిందిరా. ఆ చేత్తోనే ఆరుగుర్ని పంపించాడు."

ఎవరూ మాట్లాడలేదు. వాడి కాళ్ళవైపు చూడకుండా ఉండడానికి అందరం రేడియో వైపు చూశాం.

మర్నాడు, 24న, వినాయక చవితి. మనకు కావలసింది 173. ఓవల్ మైదానానికి బెల్లా అనే ఏనుగును కూడా తీసుకొచ్చారు. ఇక్కడ దీపాలు పెట్టేవేళకు హైదరాబాదువాడు ఆబిద్ అలీ బౌండరీ కొట్టి గెలిపించాడు. ఇంగ్లండు గడ్డమీద మనకది మొదటి టెస్టు విజయం. ఆ సాయంత్రం అరుగు మీద ఉండ్రాళ్ళు పంచాం. మొదటిది వాడికే ఇచ్చాం.

తర్వాత నాకు ట్రెజరీలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఊళ్ళు తిరిగాను. 1983 జూన్ 25న సెలవు మీద వచ్చాను. మా వీధిలో టీవీ లేదు. ట్రాన్సిస్టరు పెట్టుకుని అదే అరుగు. మనవాళ్ళు 183కే ఔటయితే సగంమంది లేచి వెళ్ళారు. వాడు కదల్లేదు. అర్ధరాత్రి దగ్గర పడుతుండగా వెస్టిండీస్ 140కి ఔటయింది. అప్పుడు వాడు మెల్లగా అడిగాడు: "ఒరే, ఒక్కసారి మైదానం చూపిస్తావా? ఇన్నేళ్ళూ చూసినట్టే చెప్పాను. నిజంగా ఎలా ఉంటుందో చూడాలి."

హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఒక ఏడు మార్చి నెలాఖరు లెక్కలు, ఒక ఏడు బదిలీ, ఒక ఏడు పిల్లల చదువులు. వాడు మళ్ళీ అడగలేదు. 1991లో పోయాడు. నేను అంత్యక్రియలకు మాత్రం సమయానికి రాగలిగాను.

ఆ తర్వాత ఆ స్టేడియానికి ఒకసారి వెళ్ళాను. ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

మిత్రులారా, ఇప్పుడు ఆటంతా ఫోనులోనే వస్తోంది. మనవలు చూసి కేకలు వేస్తుంటారు. మూల మంచం మీద చూపు తగ్గిన తాతకు ఆ కేకలు మాత్రమే వినపడతాయి. మన సంఘంలోనూ చూపు మందగించినవారు, గడప దాటలేనివారు ఉన్నారు. నేను వారానికొకసారి ఒకరింటికి వెళ్ళి పేపరు చదువుతున్నాను, ఆట ఉంటే స్కోరు చెబుతున్నాను. నా వ్యాఖ్యానం మా వాడి దానికి సాటి రాదు. అయినా వింటున్నారు. నాతో వచ్చేవారు సభ అయ్యాక కార్యదర్శిగారికి పేర్లివ్వండి. వచ్చే నెల చూద్దాం అనకండి. అలా అన్నవాణ్ణి నేనే.