ఒక్క ఓటుతో మారిన దారి



వాతావరణ రాజకీయాలంటే అందరూ ప్యారిస్ ఒప్పందంతో మొదలుపెడతారు. నేను ఒక పార్టీ సమావేశపు గదితో మొదలుపెడతాను. కాన్‌బెర్రా, 2009 డిసెంబరు 1. ఆస్ట్రేలియా ప్రతిపక్షం లిబరల్ పార్టీ ఎంపీలు ఆ ఉదయం తమ నాయకుణ్ణి దించేశారు. టోనీ అబాట్‌కు 42 ఓట్లు, పదవిలో ఉన్న మాల్కమ్ టర్న్‌బుల్‌కు 41. చెల్లని ఓటు ఒకటి. ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్లో పేరు రావడం చూసిన కళ్లకు ఇది కాస్త వింతే.

టర్న్‌బుల్ చేసిన నేరమల్లా ప్రభుత్వంతో రాజీపడటం. కంపెనీలు గాలిలోకి వదిలే ప్రతి టన్ను కర్బనానికీ పర్మిట్ ఉండాలంటూ ప్రధాని కెవిన్ రడ్ ఒక బిల్లు తెచ్చారు. సెనేట్‌లో ఆయనకు మెజారిటీ లేదు. టర్న్‌బుల్ కొన్ని సవరణలు సాధించుకుని మద్దతిస్తానన్నారు. అప్పట్లో కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వచ్చే దేశం అది. పార్టీ భగ్గుమంది.

అబాట్‌ను సిద్ధాంతం కోసం నిలబడ్డ మనిషిగా చూడకండి. బిల్లును ఆపాలనీ, ఆమోదించాలనీ, సవరించాలనీ నాలుగైదు నెలల్లోనే అబాట్ బహిరంగంగా చెప్పారని టర్న్‌బుల్ తర్వాత రాశారు. నాయకుడయ్యాక కూడా, 2020కల్లా ఉద్గారాలు 5 శాతం తగ్గించాలన్న ప్రభుత్వ లక్ష్యాన్ని ఆయన అలాగే ఉంచుకున్నారు. లక్ష్యం ఒకటే, అబాట్ దారిలో ఖర్చు మాత్రం ఎవరి కరెంటు బిల్లులోనూ కనబడదు. కొత్త ప్రతిపక్ష నాయకుడికి ఇంతకంటే అనువైన అంశం దొరకదు. కర్బనానికి ధర కడితే భారం ఈ నెల కరెంటు బిల్లులో పడుతుంది, ఫలితం అందుకునేవాడికి ఇంకా ఓటు హక్కే రాలేదు.

అయితే నా ఫిర్యాదు అబాట్ మీద కంటే రడ్ మీదే ఎక్కువ. ఆయన ఆ బిల్లును గట్టెక్కించడం కంటే, దాంతో ప్రతిపక్షాన్ని చీల్చడంలోనే ఎక్కువ ఆనందం పొందారని నాకనిపిస్తుంది. చీలిక వచ్చింది, టర్న్‌బుల్ పోయారు. మర్నాడే సెనేట్ బిల్లును 41-33తో తిరస్కరించింది. ఇద్దరు లిబరల్ సెనేటర్లు పార్టీని కాదని ప్రభుత్వం వైపు ఓటేశారు. లక్ష్యం చాలదన్న గ్రీన్స్ పార్టీ సభ్యులు ఐదుగురూ వ్యతిరేకించారు. ఆ ఐదుగురు ఇటు వచ్చి ఉంటే బిల్లు నెగ్గేది, లెక్క వేసుకోండి.

అంతకుముందూ ఒకసారి సెనేట్‌లో ఓడిన ఆ బిల్లు ఇలా రెండోసారి ఓడింది కనుక, ఉభయ సభలనూ రద్దుచేసి ప్రజల ముందుకు వెళ్లే అవకాశం రడ్‌కు ఉండింది. వెళ్లలేదు. ఈ తరానికి అతిపెద్ద నైతిక సవాలు అని తానే అన్న అంశాన్ని 2010 ఏప్రిల్‌లో వాయిదా వేశారు. జూన్‌లో పదవే పోయింది.

తర్వాత వచ్చిన జూలియా గిలార్డ్ కార్బన్ పన్ను ఉండదని ఎన్నికల్లో మాటిచ్చి, గ్రీన్స్ మద్దతు లేనిదే ప్రభుత్వం నిలవని స్థితిలో మాట తప్పారు. 2012 జూలై 1 నుంచి టన్నుకు 23 డాలర్లు. జనానికి పరిహారంగా ఆదాయపు పన్ను మినహాయింపును 6,000 డాలర్ల నుంచి 18,200కు పెంచారు. అబాట్ 2013లో గెలిచి, 2014 జూలైలో కార్బన్ ధరను ఎత్తేశారు. మినహాయింపు జోలికి మాత్రం పోలేదు! మీలో సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలు ఉద్యోగం చేస్తున్నవాళ్లుంటే అడిగి చూడండి, ఆ 18,200 ఇప్పటికీ ఉంది. అది ఎందుకొచ్చిందో చెప్పగలిగేవాళ్లు తక్కువే.

టర్న్‌బుల్ 2015లో అబాట్‌ను దించి ప్రధాని అయ్యారు. 2018 ఆగస్టు 20న, సొంత పార్టీ తిరుగుబాటుకు భయపడి, విద్యుత్ రంగ ఉద్గారాల లక్ష్యాన్ని చట్టం చేసే ఆలోచన మానుకున్నారు. ఆ తిరుగుబాటు చేసినవారిలో వెనక బెంచీ సభ్యుడు అబాట్ కూడా ఉన్నారు. వెనక్కి తగ్గినా లాభం లేకపోయింది, ఆగస్టు 24న టర్న్‌బుల్ పదవి పోయింది.