నిద్రపోయినా తీరని అలుపు

(ఎర్రుపాలెంలో చదువు కేంద్రానికి వచ్చే అక్కలతో ఒక టీచరమ్మ మాట్లాడిన మాటలు)

పొద్దంతా చేలో పని చేశారు. ఇంటికొచ్చి వంట చేశారు. గిన్నెలు తోమి ఇక్కడికి వచ్చారు. మీలో చాలామంది నాకు అమ్మ వయసు వాళ్లు. ఈ రోజు మనం మన ఒంటి గురించి మాట్లాడుకుందాం. అలుపు గురించి మాట్లాడుకుందాం.

మిరప చేలో రోజంతా వంగి కాయ కోస్తే నడుం పట్టేస్తుంది. కాళ్లు పీకుతాయి. తిని పడుకుంటే తెల్లారేసరికి సర్దుకుంటుంది. ఇది పని అలుపు. అందరికీ ఉంటుంది. ఇది జబ్బు కాదు.

ఇంకో రకం అలుపు ఉంది. రాత్రంతా పడుకున్నా ఒళ్లు తేలిక పడదు. పొద్దున్నే బిందె ఎత్తబోతే చేతులు రావు. నెలలు గడిచినా తగ్గదు. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏమంటారు? "పని దొంగ" అంటారు. "నాటకాలు ఆడుతోంది" అంటారు. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీస్తారు. గాలి సోకిందని తాయెత్తు కడతారు. విని విని చివరికి ఆమె కూడా తప్పు తనదే అనుకుంటుంది.

తప్పు ఆమెది కాదు. అలుపుకు కారణం ఉంటుంది. దాన్ని వెతకాలి.

ముందు రక్తం చూపించుకోవాలి

2019-21లో మన దేశంలో కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ ఉందని తేలింది. అంటే ఇక్కడ కూర్చున్న మనలో సగం మందికి ఉండొచ్చు.

రక్తంలో హిమోగ్లోబిన్ అనేది ఉంటుంది. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును అదే ఒళ్లంతా మోసుకుపోతుంది. ఆడవాళ్లకు అది 12 ఉండాలి. గర్భిణికి 11 అయినా ఉండాలి. తగ్గితే ఆయాసం వస్తుంది, గుండె దడ వస్తుంది, అలుపు వస్తుంది. ఆశా అక్కను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోండి. ఐరన్ బిళ్లలు ఇస్తే మధ్యలో మానొద్దు. బిళ్ల వేసుకుని వెంటనే టీ తాగొద్దు. టీ తాగితే బిళ్లలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

రక్తం ఒక్కటే కాదు. థైరాయిడ్ ఉన్నా అలుపు వస్తుంది. షుగర్ ఉన్నా వస్తుంది. రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. ఇవన్నీ మందులతో అదుపులోకి వచ్చే జబ్బులే.

బలానికి సెలైన్ పెట్టించుకుంటే?

నీరసం అనగానే మనం ఏం చేస్తాం? "ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి" అంటాం. ఆ సీసాలో ఏముందో తెలుసా? మామూలు గ్లూకోజు అర లీటరు సీసాలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే అయిదారు చిన్న చెంచాలు. మిగతాది నీళ్లు. వాంతులు, విరేచనాలు అయ్యి నోటితో ఏమీ తాగలేని మనిషికి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. నెలల నాటి అలుపును అది తీర్చదు. ఆ డబ్బు పెట్టి గుడ్లు, పప్పు, ఆకుకూర కొనుక్కుంటే మేలు.

పరీక్షల్లో ఏమీ లేకపోతే?

కొందరికి అన్ని పరీక్షలూ బాగానే ఉంటాయి. అలుపు మాత్రం పోదు. "నీకేం లేదు పో" అని పంపేస్తారు. అక్కడితో ఆగిపోకూడదు.

గోవాలో డాక్టర్లు దాదాపు 2500 మంది ఆడవాళ్లను అడిగి చూశారు. 2005లో ఆ వివరాలు బయటపెట్టారు. నూటికి 12 మంది ఆరు నెలలకు పైగా అలుపుతో ఉన్నామన్నారు. అప్పుల్లో ఉన్న ఇళ్లలో, తిండి చాలని ఇళ్లలో ఈ అలుపు ఎక్కువ కనిపించింది. భర్త బలవంతం భరించే వాళ్లలో, మనసులో దిగులున్న వాళ్లలో మరీ ఎక్కువ. మనసు మీద బరువు ఒంటి మీద కూడా పడుతుంది. అలాంటి అలుపుకు బిళ్లలు ఒక్కటే చాలవు. మాట్లాడే మనిషి కావాలి. దిగులు గురించి 14416కు ఫోన్ చేయొచ్చు. ఇంట్లో హింస ఉంటే 181కి చేయొచ్చు. రెండింటికీ డబ్బులు పడవు.

ఇంకో జబ్బు ఉంది. దాని పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. మన మాటల్లో దీర్ఘకాలపు అలసట జబ్బు. ఇది మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందికి ఏదో ఒక జ్వరం తర్వాత మొదలవుతుంది. 2020లో కరోనా వచ్చాక ఇలాంటి అలుపుతో మిగిలిపోయినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. దీని గుర్తులు ఇవి:

అలుపు ఆరు నెలలు దాటినా పోదు.
నిద్రపోయినా ఒళ్లు తేలిక పడదు.
కాస్త పని చేస్తే ఆ రోజు కాదు, మర్నాడో రెండో నాడో ఒళ్లు కూలిపోతుంది. కోలుకోవడానికి రోజులు పడుతుంది.
కూరలో ఉప్పు వేశామో లేదో కూడా గుర్తుండదు.
నిలబడితే కళ్లు తిరుగుతాయి.

ఇది దిష్టి కాదు. సోమరితనం కాదు. దీన్ని ఒక్క రక్త పరీక్షతో పట్టుకోలేరు. పూర్తిగా నయం చేసే మందు కూడా ఇంకా రాలేదు. నొప్పికి, నిద్రకు మాత్రం డాక్టరు మందులు ఇస్తారు.

ఈ జబ్బును నమ్మనిది మన ఊళ్లోనే కాదు. 1955లో లండన్‌లో రాయల్ ఫ్రీ అనే పెద్ద ఆసుపత్రిలో 200 మందికి పైగా సిబ్బంది ఒకేసారి జబ్బు పడ్డారు. వాళ్లలో చాలామంది నర్సులు. కొందరు చాలాకాలం కోలుకోలేదు. 1970లో ఇద్దరు డాక్టర్లు అది ఒంటి జబ్బు కాదని, ఆడవాళ్ల ఆవేశమని రాశారు. చివరికి 2015లో అమెరికాలో పెద్ద డాక్టర్ల సంఘం అంతా పరిశీలించి, ఇది నిజమైన జబ్బేనని, మనిషిని మంచాన పడేసేంత జబ్బని చెప్పింది. చదువుకున్న నర్సుల మాటే నమ్మలేదు. మన మాట నమ్మకపోతే కుంగిపోవద్దు.

బలాన్ని పొదుపు చేయాలి

మీకందరికీ పొదుపు సంఘం తెలుసు. ఒంట్లో బలం కూడా డబ్బు లాంటిదే. ఈ జబ్బు ఉన్న మనిషికి రోజుకు కొంచెమే వస్తుంది. ఉన్నదానికి మించి ఖర్చు పెడితే అప్పు అవుతుంది. ఆ అప్పు వడ్డీతో సహా మర్నాడు తీర్చాలి.

"లేచి పని చేస్తే అదే పోతుంది" అని కొందరు అంటారు. ఈ జబ్బుకు ఆ మాట పనికిరాదు. రోజురోజుకూ పని పెంచుతూ పోయే పద్ధతి వద్దని 2021లో ఇంగ్లండులో వైద్య సలహాలు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్లు కూడా చెప్పారు. కాబట్టి అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే ఆగాలి. కూర్చుని కూరగాయలు తరగాలి. బట్టలన్నీ ఒకేరోజు ఉతకొద్దు. ఒంట్లో బాగున్న రోజున వారం పని మీద వేసుకోవద్దు.

రెస్టు తీసుకో అని చెప్పడం తేలిక. పనికి పోకపోతే కూలి పోతుంది. అది నాకూ తెలుసు. అందుకే ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెబుతున్నాను. నీళ్లు మోయడం, కట్టెలు కొట్టడం మగవాళ్లు చేస్తే పరువు పోదు. ఇంకో మాట. అమ్మకు బాగాలేదంటే ముందు బడి మానేది ఆడపిల్లే. అలా చేయొద్దు. పని కొడుకూ కూతురూ పంచుకోవాలి. ఇద్దరూ బడికి పోవాలి.

రాయడం వచ్చుగా, రాయండి

డాక్టరు దగ్గర నిలబడితే చెప్పాల్సింది మర్చిపోతాం. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ రెండు ముక్కలు రాయండి. ఇలా:

సోమవారం: మిరప కోతకు పోయాను. రాత్రి బాగున్నాను.
మంగళవారం: మధ్యాహ్నం నుంచి ఒళ్లు నొప్పులు.
బుధవారం: లేవలేదు. వంట అత్త చేసింది.

రెండు వారాలు రాసి ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి. "ఊరికే అంటోంది" అనేవాళ్లకు కూడా చూపించండి. నోటిమాటను కొట్టిపారేసినంత తేలిగ్గా రాసిన మాటను కొట్టిపారేయలేరు.

మన పక్కన ఎవరైనా వరసగా పనికి రాకపోతే, చదువుకు రాకపోతే, వాళ్ల ఇంటికి పోదాం. ఏమైందని అడుగుదాం. ఆమె చెప్పేది నమ్ముదాం. ఆసుపత్రికి తోడు పోదాం.

ఇక పలకలు తీయండి.

మాట్లాడుకుందాం

1. పని అలుపుకు, జబ్బు అలుపుకు తేడా ఏమిటి?
2. మీరు చివరిసారి రక్తం ఎప్పుడు చూపించుకున్నారు?
3. మీ ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే వాళ్ల పని ఎవరి మీద పడుతుంది?
4. ఈ రోజు మీరు చేసిన పనులు రెండు వాక్యాల్లో రాయండి.