హెచ్చరికను చదివే విద్య
(అమృత మహోత్సవ సందర్భంలో విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)



చంద్రపూర్ బొగ్గు గనుల సీమ. ఇక్కడి తెలుగు ఇండ్లలో గని మాట వినని పిల్లలు అరుదు. గని పైకప్పు కూలడానికి ముందు ఆసరాగా నిలిపిన దుంగలు చిటపటలాడతాయి. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షణ దీపంలో, గాలిలో మీథేన్ పెరిగినప్పుడు మంట చుట్టూ నీలి కాంతి కనిపిస్తుంది. ఆ గుర్తు తెలిసి వెనుదిరిగిన కార్మికుడు ఇల్లు చేరుతాడు. హెచ్చరిక ప్రమాదం కాదు. ప్రమాదానికి ముందు లభించే వ్యవధి.

కంప్యూటరు కూడా ఇట్టి వ్యవధినే ఇస్తుంది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల కృషితో యూనిక్స్ జన్మించింది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆ పద్ధతిలోనే లినక్స్‌కు శ్రీకారం చుట్టాడు. దాని ఆధారంగా 1993లో ఆరంభమైన డెబియన్ నేడు ప్రపంచమంతటా ఉచితంగా లభిస్తున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులో అందించడానికి కృషి చేసింది. ధనబలం లేని పాఠశాలలకు ఇట్టి వ్యవస్థలు వరప్రసాదాలు.

అయితే పాత కూర్పు నుండి కొత్త కూర్పుకు మారే వేళ తెర మీద వరుసగా సందేశాలు వస్తాయి. డెబియన్‌లో ఎన్ అనే అక్షరంతో మొదలయ్యేది సూచన, డబ్ల్యూతో మొదలయ్యేది హెచ్చరిక, ఈతో మొదలయ్యేది దోషం. భాండాగారపు సంతకాన్ని సరిచూడలేకపోతున్నామని సందేశం వస్తే, వచ్చిన సామగ్రి అసలుదో కాదో తేలలేదని అర్థం. కొన్ని ప్యాకేజీలు తొలగించబడతాయని జాబితా వస్తే, దానిని చివరి వరకు చదవవలసిందే.

చదవకపోతే ఏమవుతుంది? 2021లో కెనడాకు చెందిన ప్రసిద్ధ సాంకేతిక సమీక్షకుడు లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్ అనే లినక్స్ వ్యవస్థలో ఒక ఆటల కార్యక్రమాన్ని చేర్చబోయాడు. ప్యాకేజీలో దొర్లిన పొరపాటు వలన ముఖ్య భాగాలు తొలగిపోనున్నాయని యంత్రం హెచ్చరించింది. ముందుకు సాగాలంటే ‘అవును, చెప్పినట్లు చెయ్యి’ అనే అర్థం గల ఇంగ్లీషు వాక్యాన్ని టైపు చేయమన్నది. ఆయన టైపు చేశాడు. తెర మీది సదుపాయాలన్నీ మాయమయ్యాయి. తప్పు ప్యాకేజీలో ఉన్నా, దానిని ఆపగల చివరి అవకాశం చదువరి చేతిలోనే ఉండినది.

2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13 మరొక పాఠం నేర్పుతుంది. పాత 32 బిట్ల యంత్రాలకు అందులో కెర్నెల్ గాని, స్థాపన సాధనం గాని లేవు. అట్టి యంత్రాలు గలవారు ఈ కూర్పుకు మారరాదని విడుదల పత్రమే చెబుతున్నది. పాత కంప్యూటర్లతో నెట్టుకొచ్చే పాఠశాలలకు ఆ ఒక్క వాక్యం ఎంత విలువైనదో ఊహించవచ్చు. పదకొండవ కూర్పు గలవారు పన్నెండును దాటకుండా పదమూడుకు వెళ్లరాదన్నది ఇంకొక నియమం. ఐదవ తరగతి నుండి నేరుగా ఏడవ తరగతిలో కూర్చోవడం తగదు గదా!

ఇక్కడ అసలు చిక్కు భాషది. ఈ సందేశాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. అర్థం కాని హెచ్చరిక చెవిటివాని ముందు శంఖం వంటిది. గనుల చట్టం ఈ సత్యాన్ని 1952లోనే గుర్తించింది. చట్టంలోని ముఖ్యాంశాలను ఇంగ్లీషుతో పాటు నిర్ణీతమైన ఇతర భాషలలో కూడా గని వద్ద ప్రదర్శించాలని అది ఆదేశించింది. గనిలో కార్మికునికి ఆ చట్టం ఇచ్చిన ఈ హక్కు కంప్యూటరు ముందు కూర్చున్న బిడ్డకు ఎందుకు ఉండరాదు?

కనుక విద్యార్థులారా! వ్యవస్థను మార్చే ముందు ముఖ్యమైన దస్త్రాలకు వేరొక చోట నకలు తీసి ఉంచండి. విడుదల పత్రాన్ని ముందుగా చదవండి. అర్థం కాని సందేశాన్ని నోటు పుస్తకంలో రాసుకొని, గురువుల సాయంతో తెలుగులోకి మార్చుకోండి. అర్థం తెలిసే వరకు ‘అవును’ అనకండి. తెలియదని అడగడం సిగ్గు కాదు. తెలియకుండా తల ఊపడమే ముప్పు. మాతృభాషలో చదువు నేర్పే పాఠశాల బిడ్డకు ఇవ్వగల ఆస్తి ఈ అడిగే ధైర్యమే.

స్వస్తి.