మూడు విధాల బ్రతుకు
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: ప్రసంగి 2:1-11, మార్కు 10:17-22, ఆదికాండము 22:1-14

  

ఈ దినము మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీరు దేని కొరకు బ్రతుకుతున్నారు? ఎంత సంపాదిస్తున్నారని నేను అడగడం లేదు. ఉదయమున లేచినది మొదలు రాత్రి పడుకునే వరకు మిమ్మల్ని నడిపిస్తున్నది ఏమిటి?

ఈ ప్రశ్నను జీవితమంతా మోసిన ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు సోరెన్ కీర్కెగార్డ్. 1813లో డెన్మార్క్ దేశములోని కోపెన్‌హాగెన్ పట్టణములో పుట్టి, 1855లో 42 ఏళ్ల వయసులోనే కన్నుమూశాడు. తరువాతి కాలములో అస్తిత్వవాదము అని పేరుపొందిన తత్వశాస్త్రమునకు ఆయనే పితామహుడని చెబుతారు. పేరు పెద్దదని భయపడకండి. నీవు ఎవరో నీ నిర్ణయములే తేలుస్తాయి, నీ బదులు ఇంకొకరు నిర్ణయించలేరు – ఆయన చెప్పిన దానిలో ముఖ్యమైన సంగతి ఇదే. మనుష్యులు బ్రతికే తీరును ఆయన మూడు విధాలుగా చూపించాడు.

మొదటిది, సుఖము కొరకు బ్రతకడం. 1843లో ఆయన 'ఇదో అదో' అని అర్థమిచ్చే పేరుతో ఒక గ్రంథము ప్రచురించాడు. దాని మొదటి భాగములో ఒక యువకుడు మాట్లాడతాడు. తెలివైనవాడు, సంగీతము తెలిసినవాడు, మాటకారి. అతనికి ఒకే ఒక శత్రువు ఉంది, అది విసుగు. రైతు పొలములో పంట మార్చినట్లు మనిషి తన సుఖములను మార్చుకుంటూ ఉండాలని అతని ఉపాయము. స్నేహములో చిక్కుకోవద్దు, పెండ్లి చేసుకోవద్దు, ఉద్యోగ బాధ్యత నెత్తిన వేసుకోవద్దు అంటాడు. ఎందుకు? కట్టుబడితే మార్చుకోవడం కుదరదు గనుక.

ప్రియులారా, ఈ దారిలో సొలొమోను ముందే నడిచాడు. ఇండ్లు కట్టించాడు, ద్రాక్షతోటలు నాటించాడు, గాయకులను పెట్టుకున్నాడు, కన్నులు కోరిన దేనినీ కాదనలేదు. చివరకు వెనక్కు తిరిగి చూస్తే గాలిని పట్టుకొన్నట్లే ఉందన్నాడు.

ఇది త్రాగుబోతుల సంగతి, సినిమాల వారి సంగతి అనుకుంటున్నారా? ఈ ఆదివారము పాటలు బాగున్న చోటికి, వచ్చే ఆదివారము ప్రసంగము బాగున్న చోటికి తిరిగే విశ్వాసి మాటేమిటి? పాట వింటే కన్నీళ్లు వస్తాయి, కానీ సోమవారము ఏమీ మారదు. ఆరాధన కూడా అతనికి ఒక రుచి అయిపోయింది. మందిరములో కూర్చుని కూడా మనము మొదటి విధముగానే బ్రతకవచ్చు!

రెండవది, ధర్మము కొరకు బ్రతకడం. అదే గ్రంథము రెండవ భాగములో విలియం అనే న్యాయాధిపతి ఆ యువకునికి ఉత్తరములు వ్రాస్తాడు. ఈయన పెండ్లయినవాడు, ఉద్యోగస్థుడు. నీవు అన్నీ రుచి చూస్తున్నావు గాని దేనినీ ఎంచుకోవడం లేదు, అందుచేత నీకంటూ ఒక నీవు లేవు అని అతనిని హెచ్చరిస్తాడు. పెండ్లి ప్రేమను చంపదు, దినదినము నిలబెడుతుంది అంటాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకొనుట, భార్యను పిల్లలను పోషించుట, పనిలో నమ్మకముగా ఉండుట ఎంతో గొప్ప సంగతులు. వీటిని తక్కువ చేసి మాట్లాడే భక్తి భక్తి కాదు.

అయితే ప్రభువు నొద్దకు పరుగెత్తుకొని వచ్చిన ధనవంతుని చూడండి. బాల్యము నుండి ఆజ్ఞలన్నీ పాటించాడు. యేసు అతనిని చూచి ప్రేమించాడని మార్కు వ్రాశాడు. అయినా ఒక్క మాట దగ్గర ఆగిపోయి, దుఃఖముతో వెళ్లిపోయాడు. మంచివాడే, కానీ తనను తాను అప్పగించుకోలేదు.

నీతిగా బ్రతకాలని నిజముగా ప్రయత్నించినవానికే తన అప్పు ఎంతో తెలుస్తుంది. అందుకే ఆ న్యాయాధిపతి చివర తన మాటలతో ముగించకుండా, ఒక పల్లెటూరి పాదిరిగారి ప్రసంగమును పంపిస్తాడు. దేవుని యెదుట మనమెప్పుడూ తప్పులో ఉన్నవారమే, ఆ తలంపులోనే మనకు క్షేమాభివృద్ధి ఉంది అనేది దాని సారాంశము. నేను సరియైనవాడనని నిరూపించుకొనే బరువు అక్కడ దిగిపోతుంది.

మూడవది, విశ్వాసముతో దేవుని యెదుట బ్రతకడం. అదే 1843లో, అక్టోబరు నెలలో, అబ్రాహామును గూర్చి ఆయన ఒక చిన్న గ్రంథము వ్రాశాడు. మోరీయా ప్రయాణమును మనము ఒక్క నిమిషములో చదివేస్తాము. అబ్రాహాముకు మూడవ దినము వరకు ఆ స్థలము కనబడలేదు. గ్రీకుల కథలో అగమెమ్నాన్ రాజు తన దేశము కొరకు కూతురిని బలి ఇస్తే ప్రజలంతా అర్థము చేసుకొని అతనితో కలిసి ఏడుస్తారు. అబ్రాహాము ఎవరితో చెప్పుకోగలడు? శారాతోనా? పనివారితోనా? ఒంటరిగా దేవుని యెదుట నిలిచాడు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. "దేవుడు నాతో చెప్పాడు" అంటూ భార్యాబిడ్డలను హింసించేవారు, ఇల్లు గాలికి వదిలేసేవారు ఉన్నారు. ఈ ప్రమాదము కీర్కెగార్డ్‌కు తెలుసు. అబ్రాహాము మీద ప్రసంగము విని, ఇంటికి పోయి తన కుమారునికి అలాగే చేయబోయే ఒక మనిషిని ఆయన ఆ గ్రంథములోనే ఊహించి చూపిస్తాడు. ఆ బోధకుడే అతనిని గద్దిస్తాడు! అబ్రాహాముకు ఇస్సాకు మీద ప్రేమ తగ్గలేదు. ఆ చేతిని ఆపినవాడు దేవుడే, పొట్టేలును చూపినవాడు దేవుడే. విశ్వాసమంటే వదులుకోవడం మాత్రమే కాదు, దేవుడు తిరిగి ఇవ్వగలడని నమ్మడం. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము కూడా దీనినే సాక్ష్యమిస్తున్నది.

అలాంటి విశ్వాసి చూడటానికి ఎలా ఉంటాడు? పన్నులు వసూలు చేసే గుమాస్తాలా ఉంటాడట! ఆదివారము గుడికి వెళ్తాడు, వారమంతా పని చేసుకుంటాడు, సాయంత్రము ఇంటికి నడుస్తూ భార్య వండిన వేడి భోజనము గురించి ఆలోచిస్తాడు. అది లేకపోయినా అంతే సంతోషముగా ఉంటాడు. విశ్వాసము అతనిని ఇంటికి దూరము చేయలేదు, కృతజ్ఞతతో ఇంటికే పంపింది.

ఇంత చక్కగా వ్రాసినవాడు తన బ్రతుకులో ఏమి చేశాడు? 1840లో రెగీన ఓల్సెన్ అనే యువతితో ఆయనకు ప్రధానము జరిగింది. 1841లో ఆయనే దానిని తెంచుకున్నాడు. తనకు విశ్వాసమే ఉండి ఉంటే ఆమెను విడిచేవాడిని కాదని 1843లో తన దినచర్య పుస్తకములో వ్రాసుకున్నాడు. ప్రియులారా, మూడు దారులనూ వివరించడం వేరు, మూడవ దారిలో నడవడం వేరు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు.

జీవితపు చివరి దినములలో, 1854-55లో, ఆయన తన దేశపు అధికార సంఘము మీదనే కలము ఎత్తాడు. పుట్టిన ప్రతివాడూ క్రైస్తవుడే అయిన చోట, క్రీస్తును వెంబడించడానికి వెల చెల్లించవలసిన పని లేకుండా పోయిందని ఆయన ఆవేదన. మా తాతల కాలము నుండి మేము క్రైస్తవులమని చెప్పుకునే మనకు ఈ మాట తగలడం లేదా? తాతగారి బాప్తిస్మము మనలను సంఘపు పుస్తకములో చేర్చవచ్చు. ప్రభువు పిలిచినప్పుడు తాతగారు మన బదులు జవాబు చెప్పలేరు.

కాబట్టి ఈ రాత్రి పడుకునే ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. నేను రుచి చూస్తూనే ఉన్నానా? నా మంచితనము మీదనే ఆనుకున్నానా? లేక ప్రభువుకు నన్ను అప్పగించుకున్నానా?

ప్రార్థించుదాము. ప్రేమగల తండ్రీ, సుఖము వెంట తిరిగి అలసినవారిని పిలువుము. తమ నీతి మీద ఆనుకొన్నవారి బరువు దింపుము. నీ యెదుట ఒంటరిగా నిలిచి జవాబు చెప్పే ధైర్యమును, మా ఇంటివారిని మరి ఎక్కువగా ప్రేమించే కృపను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.