సంతకం వెనుక విచారణ

కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, లుబ్ధావధాన్లుకు కట్టబెట్టిన వైనం కన్యాశుల్కం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడిన ఆ నాటకంలో పెళ్ళి పెళ్ళివలెనే జరిగినది. పీటలమీద కూర్చున్నది ఎవరన్నది మాత్రం తేలలేదు. డిజిటల్ సర్టిఫికెట్టు సంగతి కూడా దాదాపు ఇటువంటిదే.

నేడు శ్రీకాకుళం రైతు తెచ్చుకునే అడంగలు నకలుమీద గాని, విజయనగరం విద్యార్థి తెచ్చుకునే కులధ్రువీకరణ పత్రంమీద గాని సిరాసంతకం వెదుకనక్కరలేదు. 2011లో మీసేవ ఆరంభమైన నాటినుండి అధికారుల డిజిటల్ సంతకం ఇటువంటి పత్రాలలో వాడుకకు వచ్చినది. 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఆ సంతకానికి బలమిచ్చినది. అయితే ఆ సంతకం ఫలానా అధికారిదే అని పూచీ పడేది ఎవరు? అందుకు లైసెన్సు పొందిన సంస్థలున్నవి. వాటిపైన కేంద్రప్రభుత్వపు కంట్రోలరు ఉన్నాడు.

పూచీ పుట్టే విధానం వినదగినది. సర్టిఫికెట్టు కోరేవాడు ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు సంఖ్యలను యంత్రంచేత పుట్టిస్తాడు. ఒకటి రహస్యం, రెండవది బహిరంగం. బహిరంగ సంఖ్యను, తన పేరును చేర్చి అర్జీ తయారుచేసి, రహస్య సంఖ్యతో దానిమీద సంతకం చేస్తాడు. అర్జీలోని బహిరంగ సంఖ్యతో ఆ సంతకం సరిపోయినదా అని సంస్థ చూస్తుంది. సరిపోతే రహస్య సంఖ్య అర్జీదారు చేతిలో ఉన్నదని తేలుతుంది. తేలేది అంతే! వ్రాసుకున్న పేరు అతనిదేనా అన్నది గణితానికి అందదు. దానిని మనుష్యులే విచారించాలి. విచారణ ముగిసిన పిమ్మట సంస్థ వరుస సంఖ్యను, గడువును చేర్చి, తన రహస్య సంఖ్యతో సంతకం పెడుతుంది.

ఈ పనికి ప్రోగ్రాము వ్రాయడం కష్టం కాదు; కొద్ది పంక్తులు చాలును. చిక్కు అక్కడనే ఉన్నది. అర్జీలో ఉన్నదంతా సర్టిఫికెట్టులోకి ఎత్తివ్రాసే ప్రోగ్రాము, "ఇతరులకు సర్టిఫికెట్లిచ్చే అధికారం నాకున్నది" అని అర్జీదారు వ్రాసుకుంటే, దానినీ ఎత్తివ్రాస్తుంది. కరణం దస్తావేజు చదవకుండా ముద్ర కొట్టినట్లే! అర్జీనుండి బహిరంగ సంఖ్యను మాత్రం గ్రహించి, తక్కినవి తాను విచారించిన రికార్డునుండి నింపడం మేలైన పద్ధతి.

2014 జూలైలో మన దేశంలోనే ఒక ఉదంతం బయటపడినది. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు సర్టిఫికెట్ల విభాగంనుండి, గూగుల్ సంస్థ కోరకుండానే దాని పేరిట సర్టిఫికెట్లు వెలువడినవి. వాటిమీద ఉన్నది దొంగసంతకం కాదు, అచ్చమైన సంతకమే. జారీపద్ధతి భద్రత చెడినదని కంట్రోలరు కార్యాలయం తెలిపి, ఆ విభాగానికిచ్చిన సర్టిఫికెట్లను రద్దుచేసినది.

ఇక అర్జీదారు వంతు. అధికారి రహస్య సంఖ్య వ్రేలెడంత పరికరంలో ఉంటుంది. ఆఫీసులలో దానిని డాంగిల్ అంటారు. పనివత్తిడిలో దానిని, దాని పిన్ నంబరును గుమాస్తా చేతికిచ్చితే, యంత్రానికి ఆ గుమాస్తాయే అధికారి. రహస్య సంఖ్యను కాపాడుకొనే బాధ్యతను చట్టం 42వ సెక్షను దాని సొంతదారుమీదనే ఉంచినది. అది పరుల పాలైనదని జారీచేసిన సంస్థకు తెలియజేసేవరకు జవాబుదారీ అతనిదే.