సగటు ఎవరిది?

(రైతు సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పదో తరగతి లెక్కల్లో సగటు, మధ్యగతం, బాహుళకం అని మూడు చదువుకున్నాం. పరీక్ష రాసి మర్చిపోయాం. ఇప్పుడు మన ఆదాయం లెక్క, యార్డు ధర, పంట బీమా అన్నీ వాటి మీదే నడుస్తున్నాయి.

జాతీయ గణాంక కార్యాలయం 2018-19 వ్యవసాయ సంవత్సరానికి సర్వే చేసి, రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలని తేల్చింది. అందులో కూలి, జీతాల మీద వచ్చింది 4,063. పంట మీద మిగిలింది 3,798. పేరుకే రైతులం!

సరే, ఈ సగటు ఎవరిది? లెక్క కోసం ఐదుగురిని తీసుకోండి. నెలకు ఒకరికి 4 వేలు, ఒకరికి 5, ఒకరికి 6, ఒకరికి 7, చివరాయనకు 28 వేలు. మొత్తం 50 వేలు, సగటు 10 వేలు. నలుగురు ఆ సగటుకు కిందే ఉన్నారు. వరుసగా నిలబెట్టి నడిమి మనిషిని చూస్తే 6 వేలు. అదే మధ్యగతం. పెద్దాయనకు 48 వేలు వచ్చాయనుకోండి, సగటు 14 వేలకు ఎక్కుతుంది. మిగతా వారికి పైసా పెరగలేదు. నడిమి మనిషి 6 వేల దగ్గరే ఉన్నాడు. అందుకే ఆదాయం పెరిగిందని ఎవరైనా అంటే, నడిమి రైతుకు ఎంత పెరిగిందని అడగండి.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఆంధ్రలో రైతు కుటుంబం సగటు అప్పు 2,45,554 రూపాయలని మనం సభల్లో చెబుతుంటాం. అదీ ఆ సర్వేలోదే. పెద్ద అప్పులు ఈ సగటును కూడా పైకి లాగుతాయి. అంతకంటే, నూటికి 93 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయన్న అంకె గట్టిది. దాన్ని చెప్పండి.

యార్డు బోర్డు మీద కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలు ఉంటాయి. మోడల్ అంటే బాహుళకం, ఎక్కువ సరుకు పోయిన ధర. గరిష్ఠం ఒక్క లాటుకే పడి ఉండొచ్చు. అది విని బండి కట్టకండి.

ఇక బీమా. నన్ను ముంచింది ఇదే. నా పొలం కాలువ చివర. ఒక ఏడు నీరందక ఎకరాకు 11 బస్తాలే అయ్యాయి. పరిహారం సున్నా. అడిగితే మీ ఊరి దిగుబడి బాగానే ఉందన్నారు.

ఫసల్ బీమాలో ఎండిన మడిని విడిగా చూడరు. యూనిట్ మొత్తానికి ఒకటే సగటు. గడిచిన ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు తీసి, అందులో 70, 80 లేదా 90 శాతాన్ని హద్దుగా పెడతారు. ఆ సగటు 27 బస్తాలు, హద్దు 80 శాతం అనుకుంటే 21.6. పంటకోత ప్రయోగాలు నాలుగు చేస్తే కాలువ మొదట్లో 28, 27, 26, చివర్లో 11 వచ్చాయనుకోండి. సగటు 23. హద్దు దాటింది కాబట్టి ఎవరికీ రాదు. మోసమేమీ జరగలేదు, లెక్క సరిగ్గానే ఉంది. చివరి రైతు మాత్రం మునిగాడు. వడగళ్ల లాంటి స్థానిక విపత్తయితే 72 గంటల్లో చెప్పాలి, పొలం విడిగా చూస్తారు. నీరందక ఎండిన పొలానికి ఆ దారి లేదు.

కోత పొలాలను లాటరీ పద్ధతిలో ఎంచుతారు. వరికి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చదరం కోసి తూస్తారు. లాటరీలో చివరి భూమి ఒక్కటీ రాకపోవచ్చు కూడా. అందుకే కాలువ మొదటి భూములను, చివరి భూములను వేర్వేరు యూనిట్లు చేయాలని మనం అడుగుతున్నాం. ఈలోగా కోత రోజు పొలం దగ్గర ఉండండి. తూకం మీ కళ్లతో చూసి, అంకె రాసుకోండి.

చివరి ఆయకట్టు సర్వే నంబర్ల జాబితా సంఘం ఆఫీసులో రాస్తున్నాం. కౌలుకు చేసేవాళ్లు కూడా వచ్చి మీ నంబరు, పోయిన ఏడు దిగుబడి రాయించండి.