కాలయంత్రము చెప్పిన హితవు



కాలయంత్రమనగానే మనకు సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ (1991) చిత్రమును, అందలి రాయల సభయు స్ఫురించును. ఆ ఊహను లోకమున ప్రసిద్ధము చేసినది ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్సు 1895లో ప్రకటించిన ‘ది టైమ్ మెషీన్’ నవల.

అందలి కథానాయకుడు 8,02,701వ సంవత్సరమునకు పోయి చూడగా మానవజాతి రెండుగా చీలియున్నది. పైన వెలుగులో ఆటపాటల ప్రొద్దుపుచ్చు ఎలోయీలు. భూగర్భమున యంత్రములు నడుపు మార్లాకులు. తరతరములుగా కష్టమెరుగక మొదటివారు బుద్ధిబలములు కోల్పోయిరి. చీకటికి నెట్టబడినవారు తుదకు వారినే భక్షించుచుండిరి. పుస్తకములో, చదువువారు లేక శిథిలమైనవి.

ఈ కల్పనకు వేరులు వెల్సు జీవితముననే యున్నవి. ఆయన తల్లి అప్‌పార్క్ అను సంపన్నుల భవనమున గృహనిర్వాహకురాలు. అచట పరిచారకులు నేలలోపలి సొరంగముల గుండ తిరిగెడివారు. ఆ భవనపు గ్రంథములే బాలుడైన వెల్సునకు విద్యాభిక్ష పెట్టినవి. పిమ్మట హక్స్లీ పండితునికడ జీవశాస్త్రము నేర్చెను. పరిణామమనగా ఎల్లప్పుడును అభివృద్ధి కాదనియు, పనిలేని శక్తి క్షీణింపవచ్చుననియు ఈ నవలలో హెచ్చరించెను.

నేటికిని మానవులందరు ఒక్క జీవజాతియే. చీలిక మొదట పుట్టునది దేహమున గాదు, బ్రదుకున. చెరువునీరు ఎగువమడిలోనే నిలిచిన దిగువమడి ఎండును; విద్యయు నంతే. కణేకల్లున కూలివాని బిడ్డయు, భూస్వామి బిడ్డయు ఒక్క బల్లకడ కూర్చుండి చదువుటకే ఈ గ్రంథాలయము. దీని తలుపు ఎల్లరకును తెరచియుండుగాక!